ఏ వైపో తేల్చి చెప్పు

ప్రొద్దుటూరు,
ఆదివారం రాత్రి.

అమ్మడూ,

మొన్న ఫోన్‌లో నువ్వు "ముక్కు కుట్టించుకోవాలనుంది నాన్నా, కానీ భయమేస్తోంది" అన్నప్పుడు "సరే, చూద్దాంలే" అని పెట్టేశాను. ఎదురుగా పెళ్లివాళ్లు కూర్చుని ఉన్నారు, తక్కెట్లో వాళ్ల చంద్రహారం ఉంది. మన ఇంట్లో "చూద్దాంలే" అంటే వద్దని అర్థం కదా, నువ్వూ అలాగే అనుకుని ఉంటావు. రెండు రోజులుగా మీ అమ్మ "పిల్ల గొంతు దిగిపోయింది" అని ఒకటే సణుగుడు. అందుకే అంగడి మూసి, కుంపటి చల్లారాక ఇది రాస్తున్నా. ఫోన్‌లో ఇంత టైపు చేయడం నా వల్ల కాదు. కాగితం మీద రాసి తమ్ముడికిస్తా, వాడు ఫొటో తీసి పంపుతాడు. ముందు వాడే చదువుతాడు, చదవనీ.

నాకు వద్దని లేదు. మన ఇంట్లో ఆడవాళ్ల ముక్కులన్నీ కుట్టినవే. మా అమ్మకు, అదే మీ జేజికి, ఎనిమిదో ఏట, మీ అమ్మకు పెళ్లికి నెల ముందు. వాళ్లనెవరూ అడగలేదు. "రా, కూర్చో" అన్నారు, కుట్టారు. నీ చెవులూ అంతే. కావాలని అడిగి కుట్టించుకుంటున్నది మన ఇంట్లో నువ్వే మొదలు. భయం నీకే ఎక్కువగా ఉండటానికి కారణం అదేనేమో. వాళ్లకు భయపడే టైము ఎవరిచ్చారు?

నువ్వు పైకి అనలేదు గానీ, "నువ్వే కుట్టొచ్చు కదా నాన్నా" అని నీ మనసులో ఉండే ఉంటుంది. ఇరవై ఏళ్లలో ఎందరు పిల్లల చెవులూ ముక్కులూ కుట్టానో లెక్కలేదు. అయినా నీది కుట్టను. ఎందుకో చెప్పాలంటే నీ పుట్టెంట్రుకల రోజు దగ్గరికి పోవాలి.

అప్పుడు నీకు పదకొండో నెల. గుండు చేయించి, తలకు గంధం పూసి, మీ మేనమామ ఒళ్లో కూర్చోబెట్టారు. చెవులు కుట్టడం మా నాయన దగ్గర నేర్చుకున్నదే. పిల్లను ఎండకు ఎదురుగా పెట్టి, తమ్మె వెనక నుంచి వెలుతురు ఎర్రగా కనబడే చోట సిరాచుక్క పెట్టేవాడు. వెనకటి వైద్యుడు సుశ్రుతుడు చెప్పిందీ ఇదేనట: పసివాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, బొమ్మలతో మరిపించి, సూర్యకిరణం కనబడే చోట కుట్టమని. మా నాయన సుశ్రుతుణ్ణి చదివింది లేదు, ఆయన చేతికి తెలుసంతే. నేనూ అలాగే చుక్కలు పెట్టాను. కుడి చెవి బాగానే అయింది. ఎడమ చెవి దగ్గరికొచ్చేసరికి నువ్వు గుక్కపట్టి నా వైపే చూస్తున్నావు. నా చెయ్యి వణికింది. కుట్టే తీగ చుక్క మీద కాక నూలువాసి కింద దిగింది.

బుట్టకమ్మలు పెట్టుకున్నప్పుడల్లా "ఒకటి కిందికి ఉంటుంది నాన్నా" అని విసుక్కుంటావు చూడు, అది నీ చెవిలో తేడా కాదు, నా చేతిలో తేడా. ఇన్నేళ్లూ చెప్పలేదు. చెవంటే జుట్టు కింద దాగుతుంది. ముక్కు ముఖం నడిమధ్యన ఉంటుంది తల్లీ.

ఇంకో సంగతి కూడా ఉంది. నాలుగేళ్ల కింద కాలేజీ పిల్ల ఒకామె వచ్చి చెవి పైభాగంలో కుట్టమంది. అక్కడ ఉండేది తమ్మెలాంటి మెత్తటి కండ కాదు, మృదులాస్థి. దానికి రక్తం అందేది తక్కువ, అందుకే చీము పట్టిందంటే తొందరగా లొంగదు. అదంతా నాకు తర్వాత తెలిసింది. తీగను దీపం మీద కాల్చి, ఆముదం రాసి, ఎప్పటిలాగే కుట్టాను. పదిరోజులకు ఆ చెవి వాచి టమాటాలా అయింది. ఆమె వారాల తరబడి మందులు మింగింది. తగ్గాక చూస్తే చెవి అంచు కొంచెం ముడుచుకుపోయి ఉంది. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి కుట్టే పని మానేశాను.

కాబట్టి నువ్వు చెప్పిన ఆ పియర్సింగ్ స్టూడియోకే పో. పద్దెనిమిది నిండలేదని పెద్దవాళ్ల సంతకం అడిగారన్నావు చూడు, ఆ ఒక్క మాటతో వాళ్ల మీద నాకు సగం గురి కుదిరింది. శ్రావణమాసం పెళ్లిళ్లు తల మీద ఉన్నాయి, నేను కదల్లేను. అమ్మ వచ్చి సంతకం పెడుతుంది. మీ రూమ్‌మేట్ మాల్‌లో ముక్కు కుట్టే గన్‌తో రెండు నిమిషాల్లో చేయించుకుందని చెప్పావు. అది మాత్రం వద్దు. సూది కోసుకుంటూ దారి చేసుకుంటుంది. గన్ అలా కాదు, మొండి పుడకను బలంగా గుద్ది దించుతుంది, చుట్టూ కండ నలుగుతుంది. పైగా అవి ఎక్కువగా ప్లాస్టిక్‌వి, ఆసుపత్రి పరికరాల్లా ఆవిరి యంత్రంలో పెడితే కరిగిపోతాయి. పైపైన స్పిరిట్‌తో తుడిచి ఇంకొకరికి వాడతారు. ఒకరి రక్తం ఇంకొకరికి అంటితే హెపటైటిస్ లాంటివి వస్తాయి. సూది పొట్లం నీ కళ్లముందే చింపుతున్నారా, చేతికి కొత్త గ్లవుజులు వేసుకున్నారా చూసుకో. అడగడానికి మొహమాటపడకు. మా అంగట్లో తూకం రెండుసార్లు వేయించుకునేవాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు.

ఇక నొప్పి సంగతి. ఉండదని చెప్పను. సూది దిగేది ఒకటి రెండు సెకన్లు, చురుక్కుమంటుంది. ముక్కు ముట్టగానే కళ్లలో నీళ్లు వాటంతటవే వస్తాయి, కొందరికి తుమ్ము కూడా వస్తుంది. వంద ముక్కులు కుట్టినవాణ్ణి, అదురు బెదురు లేని పెద్ద మనుషులకు కూడా ఆ నీళ్లు కారడం చూశాను. చూసేవాళ్లు ఏడ్చావనుకుంటారు, అనుకోనీ. పొద్దున కడుపునిండా తిని పో. నువ్వు పరీక్షల రోజున చేసినట్టు ఒట్టి కాఫీతో పోతే సూది కంటే ముందు కళ్లు తిరుగుతాయి. కళ్లు బైర్లు కమ్మినట్టుంటే వెంటనే చెప్పు, వాళ్లు పడుకోబెడతారు. సూది దిగేటప్పుడు ఊపిరి బిగబట్టకు, మెల్లగా వదులు. కుర్చీలో కూర్చున్నాక కూడా వద్దనిపిస్తే లేచి వచ్చేయ్. అడ్వాన్సు పోతే పోయింది. డబ్బులు కట్టాం కదా అని, ఫ్రెండ్స్ చూస్తున్నారు కదా అని కూర్చోవద్దు.

కుట్టాక జేజి నీకు ఫోన్ చేసి పసుపూ కొబ్బరినూనే పెట్టమంటుంది. ఊఁ అను, పెట్టకు. (జేజి ఈ ముక్క చదవకుండా తమ్ముడికి చెప్తాను.) మా కాలంలో అదే వైద్యం, కాదనను. కానీ వంటింటి పసుపు ముద్ద పచ్చి పుండులో గడ్డకట్టి కూర్చుంటుంది. రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లు చాలు. మందుల షాపులో సెలైన్ దొరుకుతుంది, 0.9 శాతం అని రాసి ఉంటుంది చూసి తీసుకో. పుడకను తిప్పొద్దు. "తిప్పుతూ ఉండమ్మా, అతుక్కుపోతుంది" అని నేనే ఎందరికో చెప్పాను, అది తప్పు. తిప్పిన ప్రతిసారీ లోపల కొత్తగా కట్టిన పొర చిరుగుతుంది. తెల్లగా నీరు ఊరి పొరలా ఎండితే కంగారు పడకు, అది మామూలే. ఎరుపు పాకుతున్నా, వేడిగా ఉన్నా, పచ్చగా చీము వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి పో. డాక్టరు చెప్పకుండా పుడక నీ అంతట నువ్వు పీకకు, పైన మూసుకుపోయి చీము లోపలే ఉండిపోతుంది. అన్నిటికంటే పెద్ద శత్రువులు తువ్వాలు, తల మీంచి లాగే టీషర్టు, చున్నీ. మీ అమ్మ పుడకకు చీర పోగు తగులుకుంటే ఇల్లంతా వినబడింది, నీకు గుర్తుండే ఉంటుంది.

అమ్మ టెన్షనంతా నీట్ గురించి. పరీక్ష హాల్లోకి కమ్మలూ ముక్కుపుడకా రానివ్వరు, పోయినసారి గేటు దగ్గర నీ కమ్మలు తీసి అమ్మ చేతిలో పెట్టి పోయావు కదా. ముక్కు పచ్చిగా ఉన్నప్పుడు పుడక తీస్తే గంటల్లోనే పూడుకుపోవచ్చు. చెవి తమ్మె రెండు నెలల్లోపు మానుతుంది గానీ ముక్కుకు నాలుగు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది. ఇప్పుడు కుట్టిస్తే మే నెలకు తొమ్మిది నెలలవుతాయి, పరీక్ష అయ్యేదాకా తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. ఫిబ్రవరిలో ముహూర్తం పెట్టుకుంటే మాత్రం కుదరదు. ఈ లెక్క అమ్మకు చెప్పాను. "లెక్కలు బాగానే చెప్తారు" అంది. ఒప్పుకున్నట్టే.

మొదట స్టూడియోవాళ్లు టైటానియంది పెడతారట. పెట్టనీ, మంచిదే, ఒంటికి పడకపోవడం చాలా అరుదు. బంగారంది తర్వాత నేను చేస్తాను. జేజి తన ఏడురాళ్ల బేసరిలోంచి ఒక రవ్వ తీసుకోమంది, నేను అడక్కుండానే. రెండు మిల్లీమీటర్ల రాయి. మిగతా ఆరు ఏం చేయాలని అడిగితే "నీ కోడలొస్తుంది గదరా" అంది. తమ్ముడికి పద్నాలుగేళ్లు.

పేచీ అంతా ముక్కులో దూరే కాడ దగ్గర వచ్చింది. మనం వాడే 22 కారెట్ మెత్తన, వందకు 91.6 పాళ్లు బంగారమే. సన్నటి కాడ చేస్తే తొందరగా వంగుతుంది, గీతలు పడతాయి, ఆ గీతల్లో మురికి చేరుతుంది. 18 కారెట్ గట్టిది, 75 పాళ్లు బంగారం, మిగతాది వెండీ రాగీ కలుపుతాను. నికెల్ కలిపిన తెల్ల బంగారం జోలికి పోను, అది చాలామందికి దురద తెస్తుంది. కారెట్ తగ్గిస్తానంటే జేజి మూతి ముడిచింది. ఆమె బాధ వేరే. 1963లో 14 కారెట్‌కు మించి నగ చేయకూడదని కేంద్రం ఆంక్ష పెట్టినప్పుడు మీ జేజినాయన దాగలి (నగలు కొట్టే దిమ్మ) మూలన పెట్టి కూలికి పోయాడు. ఆ రోజుల్లో కంసాలులు కొందరు ప్రాణాలే తీసుకున్నారు. కారెట్ తగ్గించడమన్న మాట వింటే ఆమెకు ఇప్పటికీ ఆ రోజులే. చివరికి రాయి కూర్చోబెట్టే గిన్నె 22లో, కాడ 18లో చేస్తానని ఒప్పించాను. మొత్తం అరగ్రాము కూడా తూగదు. రెండు గ్రాముల లోపు వస్తువుకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కాబట్టి నువ్వు మీ నాన్నను నమ్మాల్సిందే.

సంక్రాంతికి నువ్వు వచ్చేసరికి ఐదు నెలలు. మానితే అప్పుడు మారుద్దాం, లేకుంటే ఉగాదికి. మార్చడం వరకు నా చేత్తోనే చేస్తాను, ఆ మాత్రం వణకదులే.

ఇప్పుడు రెండు సంగతులు కావాలి. వాళ్లు పెట్టే కాడ మందం పద్దెనిమిది గేజా, ఇరవయ్యా? దాన్నిబట్టి కమ్మచ్చు కన్నాల్లోంచి తీగ సన్నగా లాగాలి. రెండోది, ఏ వైపు? జేజి కుడి అంటోంది. ఎడమ అయితే ఫొటోలో బాగుంటుందని నువ్వన్నావని అమ్మ చెప్పింది. కాడ చివర వంపు కుడికి ఒకలా, ఎడమకు ఒకలా తిప్పాలి, ఒకదానికి చేసింది ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు. జేజికి నేను చెప్పుకుంటాను. అద్దం ముందు నిలబడి తీరిగ్గా చూసుకుని, ఏ వైపో నువ్వే తేల్చి చెప్పు.

మీ నాన్న