విద్యార్థి ప్రతినిధిని అధికారులే ఎంచుకుంటారా?

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో విద్యార్థి ప్రతినిధులకు సత్కారం అంటూ ఫొటోతో సహా వచ్చిన వార్త చదివాను. ముందు వరుసలో కుర్చీల్లో పెద్దలు, వెనక గోడకు ఆనుకుని పూలగుత్తులతో ప్రతినిధులు. ఒక పిల్లవాడి ముఖం ఎవరో అధికారి భుజం వెనక సగానికి పైగా దాగిపోయింది. ఇంతకీ వీళ్లను ఎవరు ఎన్నుకున్నారో మీ విలేఖరి రాయలేదు. రాయడానికి ఏముంది గనుక! శాఖాధిపతులు మార్కుల జాబితా చూసి పేర్లు పంపారు, పైవారు సంతకం పెట్టారు, పూలగుత్తులు తెప్పించారు.

ఒడిశాలో విద్యార్థి సంఘాల ఎన్నికలు కోవిడ్‌కు ముందే ఆగిపోయాయి. ఆ తరువాత చేరిన పిల్లలు డిగ్రీలు, పీజీలు ముగించుకుని వెళ్లిపోయారు గానీ ఓటు పెట్టె ఎలా ఉంటుందో చూడలేదు. అడిగితే లింగ్డో కమిటీ పేరు చెబుతారు. విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎలా జరపాలో చెబుతూ మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమంది. అందులో పిల్లలకు పెట్టిన షరతులన్నీ మన అధికారులకు కంఠతా వచ్చు. 75 శాతం హాజరు ఉండాలి, బ్యాక్‌లాగ్ ఉండకూడదు, ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు పనికిరావు, పరిశోధక విద్యార్థికి 28 ఏళ్లు మించకూడదు. తమకు తగిలే మాటలు మాత్రం వారి కంటికి ఆనవు. ఎన్నిక లేకుండా అధికారులే ప్రతినిధులను వేసే నామినేషన్ పద్ధతిలో ఎన్నో లోపాలున్నాయనీ, దాన్ని తాత్కాలికంగానే వాడాలనీ, వాడినా కేవలం మార్కులు చూసి వేయడం మంచిది కాదనీ, అయిదేళ్లలో అందరూ ఎన్నికలకు మారాలనీ ఆ నివేదికలోనే ఉంది. 2006కు అయిదు కలిపితే ఎంతో తేల్చడానికి గణిత శాఖ వారిని పిలవనక్కర్లేదు.

గొడవలవుతాయండీ అంటారు. అసెంబ్లీ ఎన్నికల్లోనూ అవుతాయి, అందుకని ఎమ్మెల్యేలను మార్కులు చూసి వేయడం లేదు కదా! (వేస్తే సభలో ఎందరు మిగులుతారో అది వేరే సంగతి.) 1989 నుంచి ఈ దేశంలో 18 ఏళ్లకే ఓటు ఉంది. కేంద్రంలో ప్రభుత్వాన్ని మార్చగల ఓటు చేతిలో ఉన్న అమ్మాయికి, హాస్టల్ నీళ్ల గురించి అడిగే మనిషిని ఎంచుకునే తెలివి మాత్రం లేదట.

మా వీధిలో ఒక అమ్మాయి నిరుడు ఇలాగే ప్రతినిధి అయింది. తెలివైన పిల్ల, ఆమెను అనడానికేమీ లేదు. ఉదయం పదిన్నరకు ఫోను చేసి పదకొండుకు సమావేశం అన్నారట. ఏయే విషయాలు చర్చిస్తారో తెలిపే కాగితం లేదు. తలుపు దగ్గర కుర్చీ, ఒళ్లో సమోసా పళ్లెం. ఫలితాలు ఆలస్యమవుతున్నాయనీ, ఇచ్ఛాపురం నుంచి రైల్లో వచ్చే పిల్లలకు మొదటి పీరియడ్ హాజరు పోతోందనీ రాసుకుని వెళ్లింది. “చివర్లో చెబుదువుగానిలే అమ్మా” అన్నారు. చివర్లో జాతీయగీతం పాడారు. మరునాడు ప్యూను తెచ్చిన రిజిస్టరులో ‘విద్యార్థుల అభిప్రాయం తీసుకోవడమైనది’ అని అప్పటికే రాసి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. తోటి పిల్లలు ఏం జరిగిందని కూడా ఆమెను అడగలేదు. తాము పంపిన మనిషైతే కదా నిలదీయడానికి!

కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే మాత్రం ఈ ప్రతినిధులకు ఎక్కడ లేని గిరాకీ. నాణ్యతా విభాగంలో ఒక విద్యార్థి ఉండాలి, ర్యాగింగ్ నిరోధక కమిటీలో కొత్తవారు, సీనియర్లు ఉండాలి. 2023 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం ఫిర్యాదుల కమిటీలో ప్రత్యేక ఆహ్వానితుడిగా ఒక విద్యార్థి ఉండాలి. ఆ ఒక్కరినీ మార్కులో ఆటలో చూసి నామినేట్ చేయమనే చెప్పింది యూజీసీ. ఢిల్లీవారూ తక్కువ తిన్నవారు కాదు.

విశ్వవిద్యాలయాలనే అని ఏం లాభం? ఈ రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలే ఏళ్ల తరబడి వాయిదా పడి చివరికి 2022 మార్చిలో జరిగాయి. అన్నాళ్లూ మురుగు కాలువ పూడిక తీయించమని అడగడానికి కార్పొరేటరు లేక అధికారి గది బయట బెంచీ మీద పడిగాపులు కాశాం. అడిగేవాడు లేకపోతే వారికి ఎంత హాయో అప్పుడే తెలిసింది. మన తెలుగువాళ్లు పిల్లలను సరిహద్దు దాటించి ఆంధ్రా కాలేజీల్లో చేర్పిస్తే సరిపోతుందనుకుంటారు. అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎన్నికలు లేక మూడు దశాబ్దాలు దాటింది.

వి.వి. గిరి గారు మా బరంపురం వారని వేదికలెక్కి గొప్పలు చెప్పుకుంటాం. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో చదువుకుంటూ రాజకీయాల్లో తిరిగినందుకు 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది ఆయనకు. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మీద స్వతంత్రుడిగా నిలబడి రాష్ట్రపతి అయ్యారు. ఇప్పుడు ఏ కాలేజీలోనైనా చేరి ఉంటే హాజరు చాలలేదని నోటీసు అంటించేవారు.

తరగతులు మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు ఎన్నికలు జరపాలనీ, తతంగమంతా పది రోజుల్లో ముగించాలనీ అదే లింగ్డో నివేదికలో ఉంది. ఈ ఏడు తేదీ ప్రకటిస్తారా లేదా అని మీ విలేఖరి చేత ఉన్నత విద్యా శాఖ వారిని రాతపూర్వకంగా అడిగించండి. జవాబు వస్తే అచ్చు వేయండి, రాకపోతే రాలేదనే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
గాంధీనగర్, బరంపురం, గంజాం జిల్లా