సూరీ, సుబ్బరామ దీక్షితుల గురించి

ఒరేయ్ సూరీ,

అంతా కులాసానా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? చిన్నది వీణ మొదలుపెట్టిందని రాశావు, చదవగానే ఎంత సంబరపడ్డానో. నమ్మకమైన స్వరలిపి, అంటే పాటని స్వరాల్లో రాసి చూపించేది, ఉన్న పుస్తకం చెప్పమన్నావు. పేరు చెప్పి ఊరుకోవచ్చు కానీ, రాసినాయన సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

పుస్తకం 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. రాసింది సుబ్బరామ దీక్షితులు. కర్ణాటక సంగీతంలో పెద్ద వాగ్గేయకారుడు (పాట రాసి తనే బాణీ కట్టేవాడు) ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి ఉన్నారే, మన కచేరీల్లోకి ఫిడేలు తెచ్చారని చెప్పుకుంటామే, ఆయనకి కూతురి కొడుకు. మనవణ్ణే దత్తత తీసుకుని పెంచారు. పుట్టింది 1839లో, తిరువారూరులో. ముత్తుస్వామి వారు 1835లోనే పోయారు కాబట్టి ఈయన ఆయన్ని చూడనే లేదు. ఆ కృతులన్నీ తాత దగ్గర నేర్చుకున్నవే.

పదిహేడో ఏట దర్బారు రాగంలో వర్ణం (కచేరీ మొదట్లో పాడే రకం రచన) కట్టి, తమిళనాట ఎట్టయపురం జమీందారు, అదే రాజుగారి ముందు పాడారట. ఇంత చిన్నవాడు సొంతంగా కట్టాడా, తాత కట్టిచ్చాడా అని రాజుగారికి అనుమానం. అక్కడే యమునాకల్యాణి రాగంలో జతిస్వరం (మాటలు లేకుండా స్వరాలతో కట్టే రచన) కట్టమంటే కట్టి చూపించారు. తర్వాత బతుకంతా ఆ ఆస్థానంలోనే. వర్ణాలు, దరువులు, రాగమాలికలు ఎన్నో రాశారు. శంకరాభరణంలో 'శంకరాచార్యం' విన్నావు కదా, అది ఈయనదే. పుస్తకం గొప్పదనంలో పడి మనవాళ్ళు ఆయన్ని వాగ్గేయకారుడిగా మర్చిపోయారని నాకు చాలా బాధ.

ఈ పుస్తకం రావడానికి ఇంకొకాయన కారణం, చిన్నస్వామి ముదలియారు. మద్రాసులో సర్కారు ఉద్యోగి, క్రైస్తవుడు. మన కృతుల్ని పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయాలని 1890ల్లో పూనుకుని డబ్బూ, కంటిచూపూ అందులోనే పోగొట్టుకున్నాడు. దీక్షితుల ఇంట్లో ఉన్న విద్య ఆయనతోనే పోతుందేమోనని బెంగపడి, 1899లో ఎట్టయపురం వెళ్ళి రాజుగారినే అడిగాడు, ఎలాగైనా ఆయన చేత రాయించండని. అప్పటికి దీక్షితులవారికి అరవై. కుటుంబం తరతరాలుగా దాచుకున్న సొత్తు అంతా ఆ వయసులో కాగితం మీద పెట్టారు. 1904లో ఎట్టయపురంలోనే విద్యావిలాసినీ ప్రెస్సులో అచ్చయింది. దాదాపు 1700 పేజీలు! ముత్తుస్వామి వారి కృతులే 200కి పైగా ఉన్నాయి. పాతకాలపు సంగీత శాస్త్రకారుడు వెంకటమఖి సంప్రదాయంలో 72 మేళాలు (మూల రాగాలు), గీతాలు, తానాలు, విద్వాంసుల జీవిత చరిత్రలు కూడా.

అదంతా తెలుగులో రాయడం చూడు! తమిళ దేశంలో, తమిళ కుటుంబంలో పుట్టినాయన. అప్పటికి అక్కడ సంగీతానికి తెలుగు అంత మామూలు. ఎట్టయపురం జమీందార్ల పూర్వీకులు కూడా మన చంద్రగిరి వైపు నుంచి వెళ్ళినవాళ్ళేనని చెబుతారు.

ఇక నీకు పనికొచ్చే మాట. మామూలు పుస్తకాల్లో స రి గ మ అని అక్షరాలు మాత్రమే ఉంటాయి, వంపులన్నీ గురువు నోటి నుంచే రావాలి. ఈయన ఆ వంపులకి, అంటే గమకాలకి, అవి వచ్చే స్వరాల దగ్గర గుర్తులు పెట్టారు. స్వరాన్ని ఊపే కంపితానికి వంకర గీత, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే జారుకి ఏటవాలు గీత, స్వరం పైకెక్కితే ఒక వైపు వాలు, కిందికి దిగితే ఇంకో వైపు. నొక్కు, రవ, ఒరికై, ఒదుక్కల్ లాంటి మిగతా గమకాలకీ వేరే వేరే గుర్తులు. పైగా వీణ మీద ఎలా పలికించాలో కూడా రాశారు. ఒదుక్కల్ అంటే వేలు ఆ మెట్టు మీదే ఉంచి, తీగ లాగి పై స్వరం పలికించడం. నేను ఒక్కో గుర్తూ చూసుకుంటూ మెల్లగా వాయిస్తుంటే, పక్కన కూర్చుని ఎవరో చెయ్యి పట్టుకుని నేర్పిస్తున్నట్టే ఉంటుంది.

'వాతాపి గణపతిం' తీసి చూడు. మనం కచేరీల్లో వినే సంగతుల (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరుల) వరస చాలావరకు పాతతరం గాయకుడు మహా వైద్యనాథ అయ్యర్ పెంచింది. ఇందులో నిరాడంబరంగా, నిదానంగా ఉంటుంది. మొదట బోసిగా అనిపించినా, నాలుగుసార్లు వాయించాక నాకదే నచ్చింది. అలాగని ఇదొక్కటే శుద్ధం, మిగతావన్నీ తప్పు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. పాట నోటి నుంచి నోటికి నడుస్తూ పెరగడం కూడా సంప్రదాయమే. కానీ ఒక ఇంటి పాఠం ఎలా ఉండేదో ఇంత వివరంగా చూపించే పుస్తకం నేను ఇంకోటి చూడలేదు.

చిన్నదానికి మాత్రం అప్పుడే ఇది పెట్టకు, బెదిరిపోతుంది. దీక్షితులవారే పిల్లల కోసం 1905లో 'ప్రథమాభ్యాస పుస్తకము' వేశారు, ఆ మరుసటి ఏడే పోయారు. దాంతో మొదలుపెట్టించు. పెద్ద పుస్తకం నువ్వు ముందు పెట్టుకో. మాయామాళవగౌళ రాగంలో ముత్తుస్వామి వారి 'శ్రీనాథాది' కృతి తీసి, పల్లవి ఒక్కటే గుర్తులు చూసుకుంటూ వాయించి, రికార్డు చేసి నాకు వాట్సాప్‌లో పంపు. ఎక్కడ తట్టుకున్నావో రాయి, ఫోన్లో కూర్చుని చూద్దాం. అమ్మకి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు.

నీ
మూర్తి