చేను లీజుకిచ్చే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి

ఒరేయ్ సుబ్బూ,

మీ పడమటి చేను రొయ్యల చెరువులకి లీజు అడుగుతున్నారనీ, నువ్వు దాదాపు ఊఁ అనేశావనీ మీ చిన్నాన్న చెప్పాడు. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో నువ్వు "చూద్దాంలేరా" అంటావు, నేను "సరేలే" అంటాను, ఆ తర్వాత పిల్లల చదువుల మీదకి పోతుంది మాట. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, అక్కడ అమెరికాలో ఆఫీసులో తెరవకు.

నువ్వు పోయినసారి వచ్చింది మీ నాన్నగారి సంవత్సరీకానికి కదా. అప్పటికి లాకులు దాటాక కుడివైపు ఇంకా చేలే ఉండేవి. ఇప్పుడు శివాలయం దాకా రెండు వైపులా చెరువులే. కొంగలు వాలకుండా నీళ్ళ మీద దారాలు, పీతలు దూరకుండా గట్ల చుట్టూ వలలు. కొంగలూ పీతలూ ఒక చెరువులోంచి ఇంకో చెరువుకి రోగం మోసుకెళ్తాయని భయం. ఎండాకాలం సెలవుల్లో మనం పీతల కోసం చేతులు పెట్టి కొరికించుకున్న గట్లు ఇవే మరి. రాత్రయితే నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ల మోత. మొదట్లో అమ్మ నిద్ర పట్టట్లేదని రోజూ గొడవ పెట్టేది. ఇప్పుడు కరెంటు పోయి ఆ మోత ఆగిపోతే లేచి కూర్చుంటోంది, "ఎవరి చెరువు పోతుందో ఏమో, జనరేటర్ వేశారో లేదో చూడరా" అని. రాత్రిపూట కాసేపు ఏరియేటర్ తిరక్కపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందని డెబ్బై దాటిన ఆవిడకి కూడా తెలిసిపోయింది.

నేనేదో చెరువుల మీద కోపంతో రాస్తున్నాననుకోకు. జనం ఆశకి పోయి చేలు తవ్వేశారని పట్నంలో కూర్చుని అనే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వరి ముందే మనల్ని వదిలేసిందిరా. కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయి కాలువ నీళ్ళు వచ్చాయి, నిజమే. కానీ వచ్చిన నీళ్ళు బయటికి పోవాలి కదా. మనది కాలువ చివరి ఊరు, మన మురుగు కాలువలు పూడిపోయి, సముద్రం దగ్గర నోళ్ళు ఇసక మేటలేసి, సార్వాలో, అదే వానాకాలం పంటలో, ఒక్క వాయుగుండం పట్టిందంటే నాట్లు వారం పది రోజులు నీళ్ళకిందే. కుళ్ళిపోతే మళ్ళీ నారు, మళ్ళీ కూలీ. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు, గుర్తుందా? నువ్వు టీవీలో చూసి "ఏంట్రా మనవాళ్ళు నాగలి దించేశారా" అని అడిగావు. ఆ ఏడు మీ నాన్నగారు గట్టు మీద నిలబడి, ఖాళీ చేను చూస్తూ, "పండిస్తే నష్టం, పండించకపోతే సిగ్గు" అన్నారు. ఆయన నోట అలాంటి మాట అంతకు ముందు నేను విన్లేదు.

వరి అలా నడుం విరిగిన టైముకే వనామీ రొయ్య దిగింది. మన చిన్నప్పుడు ఉన్నది టైగర్ రొయ్య, అది ఉప్పుటేరుల దగ్గరే ఉండేది. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ రోగం వచ్చి దాన్ని ఊడ్చేసింది. మా మేనమామ అప్పుడే చెరువులు వదిలేసి లారీ కొన్నాడు. 2009లో ప్రభుత్వం వనామీకి అనుమతిచ్చింది. ఎక్కడో అమెరికా ఖండాల పసిఫిక్ తీరం జాతి అది, ఉప్పు తక్కువ నీళ్ళలో కూడా పెరుగుతుంది. అసలు తేడా వచ్చింది అక్కడే. ఏటి ఒడ్డున ఉండాల్సింది మంచినీళ్ళ చేలోకి వచ్చేసింది. కాలువ నీళ్ళలో ఉప్పు చాలకపోతే బోరేసి ఉప్పునీళ్ళు తోడి కలుపుతారు. అంటే భూమి అడుగున ఉన్న ఉప్పుని మనమే పైకి తెచ్చి పోసుకుంటున్నామన్నమాట.

డబ్బు రాలేదని కాదు. మా పెదనాన్న మనవరాలు మెడిసిన్ చదువుతోందంటే రొయ్య వల్లే. పెద్ద వీధిలో కొత్త మేడలు సగం రొయ్య మేడలే. అదే వీధిలో ఒకాయన రెండు పట్టుబళ్ళు వరసగా పోయి, బంగారం తాకట్టు పెట్టి మూడోసారి సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేశాడు. అదీ పోయింది, ఇప్పుడు పక్క చెరువులో మేత చల్లడానికి జీతానికి వెళ్తున్నాడు. కరెంటు, మేత, మందులు అన్నీ అరువు మీదే నడుస్తాయి. రేటు మాత్రం ఊళ్ళో ఎవరి చేతిలోనూ ఉండదు. 2025 ఆగస్టులో మీ అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిందా, ఇక్కడ చెరువు గట్టు మీద కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) పడిపోయాయి, కొనేవాడు రాక కొందరు సైజు రాకుండానే పట్టేశారు. మీ ఊళ్ళో సూపర్ మార్కెట్‌లో చెల్లెమ్మ కొనే ఫ్రోజెన్ రొయ్యల ప్యాకెట్ వెనక ఒకసారి చూడమను, ఇండియా అని ఉండొచ్చు. ఆ సుంకం పెరిగేదాకా ఏళ్ళ తరబడి అమెరికాకి అందరికంటే ఎక్కువ రొయ్య పంపింది మనమే, అందులో పెద్ద వాటా మన రాష్ట్రానిది. నీ చేలో పెరిగిన రొయ్య నువ్వే డాలర్లు పెట్టి కొనుక్కుంటావేమో!

సరే, అసలు సంగతికి వస్తా. మీ పడమటి చేనుకీ మా చేనుకీ మధ్య ఉన్నది ఒక్క గట్టు. చెరువు తవ్వితే మట్టి పైకి లేపి గట్లు పోస్తారు, నీళ్ళు చుట్టుపక్కల చేల మట్టం కన్నా ఎత్తులో నిలబడతాయి. అవి ఊరుకుంటాయా, గట్టు అడుగునుంచి పక్కకి దిగుతాయి. తూర్పున చెరువు తవ్విన దగ్గర్నుంచి మా చేలో ఆ వైపు అంచున ఏం జరుగుతోందో చెప్తా విను. స్వర్ణ రకం వరి నాటు వేసిన కొన్నాళ్ళకి ఆకు చివర్లు ఎర్రబారి ఎండుతాయి. దుబ్బు కట్టదు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, బొండాలు రకం వరి వేస్తే, పొట్ట మీదకొచ్చే టైములో ఉప్పు తగిలి తాలు పోతుంది. ఆ పట్టీ ఏడాదికి ఇంత చొప్పున లోపలికి జరుగుతోంది. వ్యవసాయ శాఖ కుర్రాడొకడు వచ్చి మట్టి తీసుకెళ్ళాడు, ఉప్పుశాతం ఎక్కువుంది, జిప్సం వెయ్యండి, మంచినీళ్ళు నిలగట్టి వదలండి అన్నాడు. మంచినీళ్ళు వదలడానికి బోదె, అదే చేలకి నీళ్ళిచ్చే చిన్న కాలువ, ఉండాలి కదా బాబూ, ఆ బోదెలోకే చెరువుల వాడకం నీళ్ళు వదులుతున్నారు. ఇప్పుడు పడమట నీ చేను కూడా చెరువైతే మాది రెండు చెరువుల మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు మేం చెరువుకి ఇచ్చేది లేదంటే మాత్రం ఎవరికి లెక్క?

వరి పోతే వరి ఒక్కటే పోదురా, ఇంట్లో ఒక్కొక్కటీ ఎలా జారిపోతుందో చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఊళ్ళో కోసే చేలు తగ్గాయి, ఉన్నవి మిషన్ కోస్తుంది, మిషన్ వదిలే గడ్డి ముక్కలు ముక్కలై పనికిరాదు, వరిగడ్డి మోపు బయట కొనాలంటే కొబ్బరికాయల డబ్బు చాలదు. అందుకని మా గేదెని అమ్మేశాం. గేదె పోయిందని పాల ప్యాకెట్లు వచ్చాయి. పేడ లేదు కాబట్టి కొబ్బరి చెట్ల పాదులకి ఎరువు లేదు. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని "ఇవి పాలా, సున్నం నీళ్ళా" అని రోజూ అడుగుతుంది, నేను రోజూ "పాలేనమ్మా" అంటాను. పెరట్లో బోరు నీళ్ళు పప్పు ఉడకనివ్వవు, తాగడానికి టిన్నులే. గోదావరి పాయల మధ్య ఇల్లు పెట్టుకుని నీళ్ళ టిన్ను కొనుక్కోవడమేంటని మా తాత బతికుంటే చెంప పగలగొట్టేవాడు.

కొబ్బరి సంగతి నువ్వు అడుగుతావు. 1996 నవంబరు 6 రాత్రి గాలివాన నీకు మర్చిపోవడానికి లేదు, మీ ఇంటి తలుపు ఎగిరి మా అరుగు మీద పడింది. వెయ్యిమందికి పైనే చచ్చిపోయారు ఆ తుపానులో, కోనసీమలో తోటలకి తోటలు పడుకుండిపోయాయి. మా నాన్న ఆ తర్వాత పాతిన మొక్కలే ఇప్పుడున్న తోట. కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది, ఆయన మంచి కాపు సరిగా చూడకుండానే పోయాడు. దానికి ఇప్పుడు తెల్లదోమ పట్టింది, ఆకు అడుగున తెల్లగా చుట్టలు చుట్టలుగా గుడ్లు, కింద ఆకుల మీద మసి పూసినట్టు నలుపు. అంబాజీపేట పరిశోధన కేంద్రంలో దీనికి మిత్రపురుగులు, శిలీంద్రం పెంచి ఇస్తారు, తెచ్చి వేశాను, కొంచెం తగ్గింది. తూర్పు చెరువు వైపున్న వరస మాత్రం వేరే రకంగా పోతోంది. మొవ్వు చిన్నదైపోయి, కాయ పిడికెడై, కమ్మలు వేలాడిపోతున్నాయి. దింపులకి వచ్చే మనిషి చూసి "ఇది దోమ కాదు బాబూ, ఉప్పు" అన్నాడు. ఆయన కొడుకు చెట్టెక్కడు, హైదరాబాదులో డెలివరీ పని. ఈయన మోకాళ్ళు పోతే మన ఊళ్ళో కాయ దింపేవాడే లేడు, అది ఇంకో టెన్షన్.

మా తమ్ముడు మా చేను కూడా చెరువుకి ఇచ్చేద్దామనే అంటున్నాడు. వాడి లెక్క తప్పని నేననలేను. చెరువుకిచ్చే లీజు వరి కౌలుకి ఎన్నో రెట్లు, చేతికి చిక్కు లేదు, ఏడాది డబ్బు ముందే ఇస్తారు. వాడికి హైదరాబాదులో ఫ్లాట్ వాయిదాలు. సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మ ముందే ఈ మాట తెచ్చాడు. అమ్మ గారెలు వేస్తూ తలెత్తకుండా, "లీజు అయిపోయాక ఆ గొయ్యి పూడ్చి, ఉప్పు కడిగి, మళ్ళీ చేను చేసి నా చేతికిచ్చేది ఎవడ్రా, నువ్వా?" అంది. వాడు గారె నోట్లో పెట్టుకుని ఊరుకున్నాడు. అగ్రిమెంట్లలో ఆ ముక్క ఎప్పుడూ ఉండదు, ఉన్నా తవ్వినవాడు పూడ్చగా నేను చూళ్ళేదు. పైమట్టి గట్లలోకి పోయాక ఏం పూడుస్తాడు?

నువ్వు ఇవ్వొద్దని చెప్పే హక్కు నాకు లేదు. అక్కడ పిల్లల కాలేజీ ఫీజులు, ఇక్కడ కౌలు బాకీ పెట్టి ఎగ్గొట్టే వాళ్ళు, పైగా చేను నీది. కానీ రెండు పనులు చెయ్యి. మన చేలు ఆక్వా జోన్లో, అంటే ప్రభుత్వం చెరువులకని గుర్తించిన ప్రాంతంలో, ఉన్నాయో లేదో మీ చిన్నాన్నని మత్స్యశాఖ ఆఫీసుకి పంపి కాగితం మీద తెప్పించుకో, ఈ లీజు వాళ్ళు నోటిమాటగా చెప్పేది నమ్మకు. జోన్లో లేకపోతే తక్కువ రేటు కరెంటు వస్తుందో రాదో చెప్పలేం, రాకపోతే వాళ్ళు మొదటి ఏడే చేతులెత్తేస్తారు, గొయ్యి నీకు మిగులుతుంది. రెండోది, మీదీ మాదీ కలిపి ఒకే ముక్కగా మా ఎదురింటి అబ్బాయి కౌలుకి అడుగుతున్నాడు. వ్యవసాయం నిజంగా చేసేవాడు, బొండాలతో పాటు గట్ల మీద కూరగాయలు కూడా వేస్తానంటున్నాడు. చెరువు లీజుతో పోలిస్తే డబ్బు తక్కువే, అది ముందే చెప్తున్నా. నీ చేనుకి తక్కువైంది ఎంతో లెక్కేస్తే, మా కొబ్బరి డబ్బులోంచి కొంత నేను వేసుకుంటాను. అమ్మ కూడా ఒప్పుకుంది, ఒప్పుకుంది అంటే తనే ఆ మాట ముందు అంది.

ఆదివారం మాకు పొద్దున్న, మీకు శనివారం రాత్రి, ఆ టైముకి ఫోన్ చెయ్యి. అమ్మ కూడా నీతో మాట్లాడాలంది, చేను గురించే అనుకోకు, మాగాయి పంపిస్తే మీ కస్టమ్స్ వాళ్ళు పారేస్తారా అని అడుగుతోంది. మీ చిన్నాన్నకి మాత్రం అప్పటిదాకా సంతకం పెట్టొద్దని చెప్పు.

నీ
బాబ్జీ