క్లబ్ చేతులు మారినా ఊరు మారకూడదు

సంపాదకులకు,

2019లో పుణె క్లబ్ ఆర్థిక ఇబ్బందులతో మూతపడ్డాక దాని స్థానంలో ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చిలో గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి విజేతగా నిలిచింది. ఆ లీగ్‌లో తెలుగు నేలకు ఉన్నది అదొక్కటే కాబట్టి విశాఖలో ఉన్న మేమూ దాన్ని మా జట్టుగానే భావించాం. తర్వాత జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో జట్టు పట్టికలో అట్టడుగున మిగిలింది.

2024లో యాజమాన్యం మారినప్పుడు బకాయిలు తీర్చేవారు ఎవరైనా సరే రావాలని కొందరు అభిమానులు, ఊరితో సంబంధం లేనివారి చేతిలో జట్టు ఇక్కడ నిలవదని మరికొందరు వాదించారు. ఆటగాడి జీతమే ముందన్న మాట న్యాయమని నేను ఇప్పటికీ నమ్ముతాను. అయితే 2025లో క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయాక రెండో వాదనను వట్టి భయమని కొట్టిపారేయలేం.

ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్‌ను మరో పట్టణమైన మిల్టన్ కీన్స్‌కు తరలించేందుకు 2002లో అనుమతి లభించినప్పుడు, వింబుల్డన్ అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్‌ను కొత్త క్లబ్‌గా తామే స్థాపించుకున్నారు. జర్మనీలో సాధారణంగా సగానికి పైగా ఓటు హక్కు క్లబ్ సభ్యులదే. అంత దూరం మనం ఇప్పుడే వెళ్లలేకపోవచ్చు. కనీసం లైసెన్స్ ఇచ్చేటప్పుడు ఒక సీజన్ జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీ తీసుకోవాలని, ఊరు మార్చే ముందు అభిమాన సంఘాల అభిప్రాయం విని కారణాలను బహిరంగంగా ప్రకటించాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను కోరుతున్నాను. రేపు విశాఖకు ఒక క్లబ్ వచ్చినా ఈ షరతులు దానికీ వర్తించాలి.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని, విశాఖపట్నం