రక్షిత జాబితాలో ఉన్నా నాగలి ఆగడం లేదు

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్ పల్లెల్లోని రోమన్ దారులు, ఊళ్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. పదేళ్లుగా రెడింగ్ దగ్గర ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా ఆ దారుల వెంట నడిచేవాణ్ణి కనుక ఎంతో సంతోషించాను. అయితే ఇవన్నీ చట్టం రక్షణలో భద్రంగా ఉన్నాయని వ్యాసకర్త తేల్చి చెప్పడం మాత్రం సరికాదు.

సిల్చెస్టర్ వరకైతే ఆ మాట ఒప్పుకుంటాను. రోమన్ల కాలంలో కాలెవాగా పేరొందిన ఆ పట్టణం తరువాత పాడుపడింది, దాని మీద మరో నగరం లేవలేదు. దాదాపు రెండున్నర కిలోమీటర్ల ప్రాకారం నేటికీ నిలిచి ఉంది. అందుకే రెడింగ్ విశ్వవిద్యాలయం వారు 1997 నుంచి 2014 దాకా ప్రతి వేసవిలో అక్కడ తవ్వి, రోమన్లు రాకముందున్న ఊరి జాడలు సైతం వెలికితీయగలిగారు.

సిల్చెస్టర్ నేల ఇప్పుడు పచ్చిక కింద ఉంది కనుక నాగలి తగలదు, కానీ అన్ని చోట్లా అలా లేదు. 1979 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద 1994లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం, రక్షిత స్థలమైనా అంతకుముందు నుంచి సాగులో ఉన్న పొలమైతే, పాత లోతు దాటకుండా దున్నుకోవడానికి కొత్తగా అనుమతి అడగనక్కరలేదు. వాలు నేలలో పైమట్టి కొట్టుకుపోయే కొద్దీ, అదే లోతున దిగే నాగలి కింది పొరకు, ఆ తరువాత రోమన్ల నాటి గచ్చు నేలకు తగులుతుందని ఏ రైతునడిగినా చెబుతాడు. 2020లో రట్లండ్‌లోని కెట్టన్ దగ్గర గ్రీకు పురాణాల్లోని ట్రోజన్ యుద్ధ దృశ్యాల మొజాయిక్ (చిన్న రాతి ముక్కలతో కూర్చిన నేల చిత్రం) బయటపడింది కూడా ఒక పొలంలోనే. అక్కడ సాగు మాన్పించి పచ్చిక పెంచే ప్రయత్నం జరిగింది. మిగతా పొలాలకూ ఆ శ్రద్ధ ఎందుకు దక్కదు?

దారుల పరిస్థితి మరీ అన్యాయం. రోమన్ దారి అంటే ఇరువైపులా కాలువలు తవ్వి, నడుమ కట్ట పోసి, దాని మీద రాళ్లు, కంకర పరిచి గట్టిపరచిన నిర్మాణం. డోర్సెట్‌లోని ఆక్లింగ్ డైక్ అనే దారి మీద నిలబడితే ఆ కట్ట ఎత్తు కళ్లకు కడుతుంది. దున్నిన చేలలో అదే కట్ట నేలమట్టమై, విమానం నుంచి తీసిన ఫొటోలో గీతలా మాత్రమే మిగులుతోంది. ఎక్సెటర్ నుంచి లింకన్ దాకా సాగే ఫాస్ వే అనే రోమన్ దారి, లెస్టర్ నగరంలో భారతీయుల దుకాణాలతో నిండిన బెల్‌గ్రేవ్ రోడ్డు మీదుగానే పోతుంది. రోజూ అటు తిరిగే మనవాళ్లలో ఆ సంగతి ఎందరికి తెలుసు?

మా ఊరి పక్క రక్షిత స్థలంలో నిరుడు శీతకాలం ఎవరో రాత్రివేళ మెటల్ డిటెక్టర్లతో వెతికి గుంతలు తవ్వి వదిలేశారు. అనుమతి లేకుండా అది నేరం. సంబంధిత కార్యాలయానికి ఫొటోలతో రాస్తే, ఆరు వారాలకు ఫిర్యాదు అందిందన్న జవాబు ఒక్కటే వచ్చింది. స్థానిక సంస్థల్లో పురావస్తు సలహాదారుల కొలువులు ఏళ్ల తరబడి తగ్గిస్తూ వచ్చారు. ఇక వచ్చి చూసేదెవరు? వానకు ఆ గుంతల అంచులు విరిగి, ఎర్రటి పెంకు ముక్కలు బురదలో కలిసిపోవడం నేను కళ్లారా చూశాను.

కనుక ఆ వాక్యాన్ని సవరిస్తూ మీ పత్రికలో వివరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, రెడింగ్, ఇంగ్లండ్