మా పాత ఫొటో మాకు తిరిగి ఇప్పించండి, మంత్రి గారూ

సైనికుల సంక్షేమం చూసే గౌరవనీయ మంత్రి గారికి ఒక మాజీ హవల్దారు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా,

జనవరి 14న వెటరన్స్ డేకి, అంటే మాజీ సైనికుల దినానికి, ఒక కార్యాలయం వాళ్లు పెట్టిన పోస్టరు గురించి నేను రాయడం ఇది నాలుగోసారి. మొదటి అర్జీ స్వయంగా వెళ్లి ఇచ్చాను. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకంతో తిరిగొచ్చిన కార్డు నా ట్రంకుపెట్టెలో ఉంది. మూడోది ఆన్‌లైన్‌లో పెడితే వారం తిరక్కుండా 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. పోస్టరు మాత్రం ఇవాళ్టికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

ఆ పోస్టరులో నేను మంచు కొండ మీద జెండా పట్టుకుని నిలబడ్డాను. ఛాతీ మీద వీర చక్ర రిబ్బను. ఒంటరిగా శత్రు బంకరు పేల్చిన యోధుడు అని కింద రాశారు. అయ్యా, నేను సైన్యానికి సరుకులు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవర్ని. ఏ శిఖరమూ ఎక్కలేదు. నాకు వీర చక్ర రాలేదు. ప్రాణాలిచ్చి ఆ రిబ్బను తెచ్చుకున్నవాళ్లున్నారు. అది నా ఛాతీ మీద చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

అసలు ఫొటో కార్గిల్ యుద్ధమప్పుడు, 1999 మే నెలలో తీసింది. లారీ బానెట్‌కి ఆనుకుని నేనూ, నా కో-డ్రైవరూ ఉంటాం. అతని చెయ్యి నా భుజం మీద ఉంటుంది. ద్రాస్ దగ్గరి టోలోలింగ్ శిఖరం ఇంకా మన చేతికి రాని రోజులవి. అది వచ్చింది జూన్ 13న. అప్పటిదాకా ద్రాస్ రోడ్డంతా పైన కూర్చున్న శత్రువు కళ్లెదుటే. రాత్రిళ్లు హెడ్‌లైట్లు ఆర్పేసి రేషను, మందుగుండు మోసేవాళ్లం. అతను తలుపులోంచి సగం బయటికి వంగి, రోడ్డు అంచు చూస్తూ రేకు మీద తట్టేవాడు. ఒకసారి తడితే ఎడమకి, రెండుసార్లు తడితే కుడికి. జూన్ మొదటి వారంలో ఒక రాత్రి షెల్లు పడింది. ఆ తర్వాత తట్టడం వినపడలేదు.

పోస్టరు చేసినవాళ్లు లారీని తీసేశారు, అతన్నీ తీసేశారు. అతని వేళ్లుండే చోట, నా భుజం మీద నక్షత్రాలు అతికించారు. హవల్దారుకి భుజాన నక్షత్రాలుండవని కూడా ఎవరూ చూసుకోలేదు.

అతని భార్య ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది మా ఇంట్లో ఉన్న ఫొటోనే కదా, ఆయనేరీ?" అంది. ఏమని చెప్పను? నువ్వే తీయించేశావా అని ఆమె అడగలేదు. అడిగినా బాగుండేది.

నా పోస్టరొక్కటే కాదు, సియాచిన్‌లో మన జవాన్లంటూ వేరే దేశపు సైనికుల ఫొటోలు తిప్పుతారు. 2016లో అదే సియాచిన్‌లో మంచు కింద ఆరు రోజులు ప్రాణం నిలుపుకున్న లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ మనవాడు కాదా? ఆయన కథకి ఏం తక్కువైందని అరువు ఫొటోలు?

తప్పు దిద్దడం మనకి చేతకాదా అంటే అదీ కాదు. అదే కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద పోరాడిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కి పరమవీర చక్ర ముందు మరణానంతరం అని ప్రకటించారు. ఆయన ఆసుపత్రిలో బతికే ఉన్నారని తెలిశాక సరిచేశారు. అంత పెద్ద ప్రకటననే దిద్దుకున్నాం. నా పోస్టరుకి ఏం అడ్డం వచ్చింది?

దండం పెట్టి అడుగుతున్నానయ్యా. ఆ పోస్టరు తీయించండి. అది తప్పని ఆ కార్యాలయం చేతే చెప్పించండి. ఇకమీద ఎవరి బొమ్మ వేసినా, మెడల్ పేరు రాసినా, ముందు వాళ్లనో వాళ్ల ఇంటివాళ్లనో ఒక్క మాట అడగమనండి. మా పాత ఫొటో ఉన్నదున్నట్టు పెట్టించి, కింద ఇద్దరి పేర్లూ వేసి డ్రైవరు, కో-డ్రైవరు అని రాయించండి. పెట్టిన రోజు నాకు కబురు చేస్తే, ఆమెకి ఫోన్ చేసి నేనే చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు