అమ్మలూ, రాజీనామా ఇచ్చే ముందు

అమ్మలూ,

ఫోన్‌లో నువ్వు చెప్పినప్పుడు నేను పెద్దగా మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకున్నావేమో, కోపమేం లేదు, నిదానంగా ఆలోచించి రాద్దామని ఆగాను.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఇన్నేళ్లు చేసి, టీమ్ లీడ్ అయ్యాక, అదంతా వదిలి మేధో వైకల్యం ఉన్న పిల్లలకు టీచర్‌గా వెళ్తానంటే మీ అమ్మకు టెన్షన్ పట్టుకుంది. సంబంధాలు చూస్తున్న టైమ్‌లో ఇదేంటని మీ పెద్దమ్మ. వాళ్లకు నేను చెప్పుకుంటాను, నువ్వు పట్టించుకోకు.

నా బెంగ వేరే. ఆఫీసు మీద విసుగుతో వెళ్తున్నావా, ఈ పని మీద ఇష్టంతో వెళ్తున్నావా? విసుగైతే కంపెనీ మారినా తీరుతుంది, ఒక నెల సెలవు పెట్టి ఇంటికొచ్చి పడుకున్నా తీరుతుంది.

ఇది తేల్చుకోవాలంటే ఆ పని మామూలు రోజున ఎలా ఉంటుందో చూడాలి కదా. అందుకే మొన్న ఇక్కడి స్పెషల్ స్కూల్‌కి వెళ్లి, మేడమ్ గారిని అడిగి, ఒక పూట క్లాసులో వెనక కూర్చున్నాను. ఒక బాబుకు చొక్కా తొడుక్కోవడం నేర్పిస్తున్నారు. వాళ్లు చివరి నుంచి మొదలుపెడతారమ్మా! చొక్కా తొడిగి గుండీలన్నీ టీచరే పెట్టేసి, ఆఖరి గుండీ సగం దూర్చి వదిలేస్తుంది, దాన్ని ఇవతలికి లాగడం ఒక్కటే వాడి పని. అది వచ్చాక ఆఖరి గుండీ మొత్తం వాడే, ఆ తర్వాత దాని పైది. ఎందుకలాగని అడిగితే, అలా అయితే రోజూ పని పూర్తి చేసింది వాడే అవుతాడు కదండీ అన్నారు మేడమ్. ఒక్కో పిల్లకు ఒక్కో ఫైలు, ఎవరికి ఏం నేర్పాలో విడివిడిగా రాసుకుంటారు. ఆ ఒక్క గుండీకి వారాలు పట్టిందట, మధ్యలో జ్వరమొచ్చి బడి మానేస్తే వచ్చింది కాస్తా పోయి మళ్లీ మొదటికొచ్చారట. నీ ఆఫీసులో బగ్ పోయిందో లేదో సాయంత్రానికి తెలిసిపోతుంది. ఇక్కడ నెలల తరబడి ఏమీ కనపడకపోయినా మర్నాడు అదే నవ్వుతో క్లాసుకు వెళ్లాలి. నీకు అది చేతనవుతుందా అన్నది నేను చెప్పలేను, నువ్వే వెళ్లి చూసుకోవాలి.

మంచి మనసు ఉంటే చాలనుకోకు. ఈ పనికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఇలాంటి టీచర్లను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 1992లోనే చట్టం వచ్చింది. బీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ అయితే రెండేళ్లు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసమే 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, నీ బీటెక్‌తో ఏ కోర్సులో చేరొచ్చో స్వయంగా వెళ్లి కనుక్కో.

ఇక డబ్బు సంగతి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రైమరీలో పదిమందికి ఒక టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అంటే టీచర్ల అవసరం ఉంది. కానీ మండలాల్లో ఈ పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన భవిత కేంద్రాల్లో చేసేవాళ్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొచ్చారు, ప్రైవేటులో ఇంకా తక్కువ ఇస్తారు. ఇప్పటి జీతంలో మూడో వంతు కూడా రాకపోవచ్చు. సేవ కదా అని జీతం అడగడానికి మాత్రం మొహమాటపడకు. అంత ఓపికగా, అంత శాస్త్రం తెలిసి చేసే పనికి సరైన డబ్బు అడగడం న్యాయం, నువ్వు అడగకపోతే నీ పక్కన చేసే అమ్మాయికీ ఇవ్వరు.

కాబట్టి కోర్సులో సీటు చేతికొచ్చేదాకా ఉద్యోగం వదలొద్దు. ఈలోగా శని, ఆదివారాలు నిద్రపోకుండా, అక్కడ దగ్గర్లో ఏదైనా స్కూల్‌లో శనివారాలు రానిస్తారేమో అడిగి వెళ్లి కూర్చో. కొన్ని నెలలు వెళ్లాక కూడా ఇదే మాట అంటే చదువుకున్న రెండేళ్లూ ఫ్లాట్ ఈఎంఐలో సగం నా పెన్షన్‌లోంచి కడతాను, మిగతా సగానికి సరిపడా ఇప్పటి నుంచే పక్కన పెట్టుకో. ఒకవేళ వద్దనిపిస్తే అదీ చెప్పు, ఎవరూ నిన్నేం అనరు.

ఇక్కడి మేడమ్ గారు నీతో మాట్లాడతానన్నారు, నంబరు వాట్సాప్‌లో పెడుతున్నాను, సాయంత్రం ఐదు తర్వాత చెయ్యి. నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయి, అప్లై చేసేటప్పుడు చెప్పు, కొరియర్ వద్దు, నేనే తెచ్చిస్తాను.

నాన్న